తాత మూటలు మోసిన గల్లీలో యూదుల గుడి

చిన్నమ్మ వీడియో కాల్ వచ్చిందంటే ఎల్లారెడ్డిలో మా ఇంట్లో ముందు టీవీ సౌండ్ తగ్గుతుంది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ ముందు కూర్చుంటుంది. అటువైపు ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో, చిన్నమ్మ పక్కనే చక్రాల కుర్చీలో ఓ ముసలావిడ ఉంటుంది. చిన్నమ్మ ఆమెను 'సవ్తా' అంటుంది. హీబ్రూలో అమ్మమ్మ అని, నానమ్మ అని. రాత్రీ పగలూ ఆమెను చూసుకోవడమే చిన్నమ్మ ఉద్యోగం. స్నానం చేయించాలి, మందులు వేయాలి, సైరన్ మోగితే తొంభై సెకన్లలో కుర్చీని తోసుకుంటూ సేఫ్ రూమ్‌లోకి పోవాలి.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల దిక్కున ఉండేవాళ్లకు ఇది కొత్త కథేం కాదు. మీ గల్లీలో కూడా ఇజ్రాయెల్‌లో 'కేర్‌గివర్' పని చేసేవాళ్లు ఒక్కరైనా ఉండే ఉంటారు. కానీ మా చిన్నమ్మ కథలో ఒక ట్విస్టు ఉంది. సవ్తాకి మరాఠీ వస్తుంది. వస్తుంది అనడం కూడా తప్పే. అది ఆమె తల్లిభాష. ఆమె బొంబాయిలో పుట్టిన యూదురాలు. అరవైల్లో పెళ్లయ్యాక అటు వెళ్లిపోయింది. ఈ మధ్య మతిమరుపు ముదిరి, నేర్చుకున్న హీబ్రూ కొంచెం కొంచెంగా జారిపోతోంది, మరాఠీ మాత్రం మిగిలింది. కొడుకు మాట కంటే మా చిన్నమ్మ మాటే ఆమెకు తొందరగా అర్థమవుతుంది. ఎందుకంటే చిన్నమ్మను ఇచ్చింది మద్నూర్ దిక్కు. ఆ పక్క దుకాణంలో ఉప్పు కొనాలన్నా సగం మరాఠీయే కదా.

ఒకరోజు సవ్తా అడిగిందట, "మీ నాన్న బొంబాయిలో పనిచేశాడన్నావు, ఎక్కడ?" అని.

"మస్జిద్ బందర్‌ల. హమాలీ" అంది చిన్నమ్మ.

సవ్తా పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత అంత గట్టిగా నవ్విందట. "ఆ మస్జిద్ మాదే పిల్లా!" అంది.

మా తాత పదిహేడేళ్లు మస్జిద్ బందర్‌లో మూటలు మోశాడు. జొన్నలు పండని ఏడాది కామారెడ్డిలో రైలెక్కి, కామాటిపురలో మనోళ్ల ఖోలీలో పది మందితో కలిసి పడుకొని, పొద్దున్నే బందర్‌కి నడిచి వెళ్లేవాడు. అక్కడ పెద్ద జకారియా మస్జిద్ ఉంది కాబట్టి స్టేషన్‌కు ఆ పేరు దాని మీదే వచ్చిందనుకున్నాడు. చనిపోయేదాకా అలాగే అనుకున్నాడు. ఆయన పోయినప్పుడు చిన్నమ్మ రాలేకపోయింది. ఫోన్‌లోనే చూసింది.

అందుకే సవ్తా మాట విన్నాక చిన్నమ్మ నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "బిడ్డా, నువ్వు హైదరాబాద్‌లనే ఉన్నవ్ గదా. ఒక్కసారి బొంబాయి పోయి వాళ్ల గుడి ఉన్నదో లేదో చూసి వీడియో తియ్యరాదు? ఈమె దినాం అదే అడుగుతున్నది. పైన ఆడోళ్లు కూసునే కాడ, కిటికీ పక్కన వాళ్లమ్మతోని కూసునేదట. ఇంక ఎన్ని దినాలు యాదికుంటదో ఏమో."

మెసేజ్ చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట అంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

శనివారం పనికిరాదు

సెలవు దొరకగానే ఇంటికొచ్చి, అక్కడి నుంచే బయల్దేరాను. ఎల్లారెడ్డి నుంచి ఆర్టీసీ బస్సులో కామారెడ్డి, కామారెడ్డిలో మధ్యాహ్నం దేవగిరి ఎక్స్‌ప్రెస్. తాత ఎక్కిన దారే. మర్నాడు పొద్దున్నే ముంబై సీఎస్‌ఎంటీలో దిగి, లోకల్ ఎక్కితే మొదటి స్టేషనే మస్జిద్. సీటు కోసం వెతుక్కునే లోపే వచ్చేసింది.

బయటికి రాగానే చుట్టూ హోల్‌సేల్ గల్లీలే. డ్రై ఫ్రూట్స్, మసాలాలు, ప్లాస్టిక్ డబ్బాలు, తాళ్లు. తోపుడు బండ్లు అడ్డం పెట్టి తిట్టుకుంటున్నారు. తలమీద మూటతో ఒకాయన "బాజూ, బాజూ" అంటూ నా భుజానికి తగిలీ తగలకుండా పోయాడు. నేను వెంటనే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. సినగాగ్ కోసం వచ్చి ముందు హమాలీని తీశానేంటి అని అప్పుడు అనిపించలేదు.

శామ్యూల్ స్ట్రీట్ ఎక్కడ అని ముగ్గురిని అడిగితే ముగ్గురూ చూపించారు. సినగాగ్ ఎక్కడ అంటే ఇద్దరు తెలియదన్నారు. ఆ మాట తీసేసి "యహూదీల ప్రార్థన స్థలం" అన్నాక ఒక టీ కొట్టు ఆయన గడ్డంతో అటు చూపించాడు. మనం ఫొటోల్లో చూసే పెద్ద గోపురం, గంటల టవర్ ఇలాంటివేం లేవు. షాపుల మధ్య ఒదిగిపోయి ఉంది. చూసుకోకపోతే దాటిపోతాం.

గేటు దగ్గర ఉన్నాయన నన్ను, నా చేతిలో ఫోన్‌ని చూశాడు. "ఆజ్ శనివార్ హై బేటీ" అన్నాడు.

నాకు తల తిరిగినంత పనైంది. యూదులకు శనివారం షబ్బాత్ అని నాకు తెలుసు. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా పని చేయరు, నిప్పు రాజెయ్యరు, ఫోన్ ముట్టరు. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. రేపు రా, ఆధార్ తెచ్చుకో, బ్యాగ్ చిన్నది తెచ్చుకో అని ఆయన మర్యాదగానే చెప్పాడు. ముంబైలో యూదుల స్థలాల దగ్గర ఈ జాగ్రత్త 2008 నవంబర్ 26 తర్వాత బాగా పెరిగింది. కొలాబాలోని ఛబాద్ హౌస్ మీద ఆ దాడి గుర్తుంది కదా. తల్లీతండ్రీ చనిపోయిన ఆ ఇంట్లోంచి, రెండేళ్లు కూడా నిండని మోషే అనే బాబును ఎత్తుకొని బయటికి పరిగెత్తింది సాండ్రా శామ్యూల్ అనే ఆయా. మన దేశపు మనిషి. తర్వాత ఆ పిల్లాడితోపాటే ఇజ్రాయెల్ వెళ్లింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా అమ్మ "మా చెల్లె పని కూడా గిదే గదా" అంటుంది.

శనివారం గానుగ ఆపినవాళ్లు

ఆ శనివారాన్నే అడ్డం పెట్టుకొని వీళ్ల కథ చెప్పొచ్చు. ఎందుకంటే ఊళ్లో వాళ్లు వీళ్లకు పెట్టిన పేరే 'శనివార్ తేలీ'. అంటే శనివారం గానుగ ఆపేసే నూనె గాండ్లవాళ్లు.

వాళ్లు తమను 'బెనె ఇజ్రాయెల్' అని చెప్పుకుంటారు, ఇజ్రాయెల్ పిల్లలు అని అర్థం. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కింద, కొంకణ్ తీరంలో అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ అనే ఊరి సమీపంలో ఓడ పగిలిపోయిందని, అందులో ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు మాత్రమే ఒడ్డుకు చేరారని, తామంతా వాళ్ల సంతానమేనని వాళ్ల నమ్మకం. పుస్తకాలు నీళ్లలో పోయాయి. భాష మరిచిపోయారు. మరాఠీ మాట్లాడుతూ, గానుగ ఆడిస్తూ, చీర కట్టుకుంటూ, మంగళసూత్రం వేసుకుంటూ ఊళ్లో కలిసిపోయారు. అయినా కొన్ని వదల్లేదు. శనివారం పని చేయకపోవడం, మగపిల్లలకు సున్తీ, కొన్ని రకాల మాంసం ముట్టకపోవడం, 'షెమా' అనే ఒక్క ప్రార్థన.

వీళ్లు యూదులేనని బయటివాళ్లకు ఎలా తెలిసిందనేదానికి కూడా వాళ్లే ఒక కథ చెప్తారు. డేవిడ్ రహాబీ అనే యూదు పెద్దమనిషి వచ్చి, వీళ్ల ఆడవాళ్లకు రకరకాల చేపలు కలిపి ఇచ్చి వండమన్నాడట. పొలుసులు, రెక్కలు లేని చేపల్ని వాళ్లు వేరు చేసి పక్కన పెట్టేశారట. యూదుల శాస్త్రం చెప్పేది అదే. అయితే మీరు మావాళ్లే అన్నాడట ఆయన. ఆధార్ కార్డు లేని రోజుల్లో కేవైసీ అన్నమాట!

ఊరి పేరు చివర '-కర్' తగిలించి ఇంటిపేరు చేసుకోవడం కూడా మరాఠీవాళ్ల లాగానే. పేణ్ ఊరివాళ్లు పేణ్‌కర్, నవ్‌గావ్ వాళ్లు నవ్‌గావ్‌కర్. పాత హిందీ సినిమాలు చూసేవాళ్లకు 'బూట్ పాలిష్'లో జాన్ చాచా గుర్తుంటాడు. ఆ నటుడు డేవిడ్ పూర్తి పేరు డేవిడ్ అబ్రహాం చేవుల్‌కర్. ఇంగ్లిష్ కవి నిస్సిమ్ ఎజెకీల్‌ని కాలేజీలో చదివి ఉంటారు, ఆయనా బెనె ఇజ్రాయెలే. మన హరికథలాగా మరాఠీలో కీర్తన్ కట్టి, అందులో యోసేపు కథ, మోషే కథ చెప్పుకునేవాళ్లట. పూణేలో 1874లో అచ్చయిన వాళ్ల పండగ పుస్తకంలో, పులియని రొట్టెలు చేస్తున్న ఆడవాళ్ల బొమ్మ ఉంటుంది. అందరూ చీర కట్టుకొనే ఉంటారు.

సవ్తా మెడలో ఇప్పటికీ నల్లపూసలున్నాయి. నేను ఇన్నాళ్లూ అవి చిన్నమ్మ ఇచ్చిందనుకున్నాను.

బైకుల్లాలో నీలం రంగు

ఆ శనివారం మిగతా పొద్దు ఖాళీయే కాబట్టి కామాటిపుర వైపు వెళ్లాను. ఈ పేరు అనగానే నెట్‌లో వచ్చేది ఒకటే అర్థం, కానీ ఆ పేరు అసలు మన కూలీలది. నిజాం రాజ్యం నుంచి వెళ్లి బొంబాయిలో ఇళ్లు, రోడ్లు కట్టిన కామాటీలది. ఇప్పటికీ తెలుగు మాటలు చెవిన పడతాయి. తాత ఉన్న ఖోలీ దొరకలేదు. దొరుకుతుందని వెళ్లలేదు కూడా.

అక్కడి నుంచి నాగ్‌పాడా మీదుగా నడిస్తే బైకుల్లాలో మాగెన్ డేవిడ్ సినగాగ్ వస్తుంది. నీలం రంగు, ముందు పెద్ద పెద్ద స్తంభాలు, గడియారం టవర్. ఇది 1864 నాటిది, డేవిడ్ ససూన్ కట్టించాడు. బాగ్దాద్ నుంచి తప్పించుకొని వచ్చి, 1832 ప్రాంతంలో బొంబాయి చేరి కోట్లకు పడగెత్తిన వ్యాపారి. పూణే ససూన్ హాస్పిటల్, ముంబైలోని ససూన్ లైబ్రరీ, ససూన్ డాక్ అన్నీ ఆ కుటుంబం పేరువే. దానధర్మాల జాబితా చెప్పేవాళ్లు ఒక్క విషయం మెల్లగా దాటేస్తుంటారు. ఆ డబ్బులో పత్తి వ్యాపారం ఎంతో, చైనాకు పోయిన నల్లమందు వ్యాపారం కూడా అంతే.

ఆ కాంపౌండ్‌లోనే ససూన్ పేరు మీద స్కూళ్లున్నాయి. యూదు పిల్లల కోసం పెట్టినవి. ఇప్పుడు చదివేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ముస్లిం పిల్లలే. సినగాగ్ ఆవరణలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిలు చదువుకుంటారు. మా ఎల్లారెడ్డి వాట్సాప్ గ్రూప్‌లో 2023 అక్టోబర్ 7 తర్వాత రోజూ కొట్లాటే. ఒకరు ఇజ్రాయెల్ జెండా పెడితే ఇంకొకరు గాజాలో పిల్లల ఫొటోలు పెడతారు. ఆ యుద్ధంలో ఎవరిది ఎంత తప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు సాయంత్రం దాకా ఎవరూ అన్నం తినలేదు, గాజా వార్తలు వచ్చినప్పుడు కూడా అమ్మ టీవీ కట్టేసింది. ఒక ప్రభుత్వం, ఒక మతం, బైకుల్లా స్కూలు పక్కన ఉన్న ఒక గుడి, ఈ మూడూ ఒకటి కాదు. గ్రూప్‌లో ఈ మాట రాస్తే నన్ను రెండు పక్కలా తిట్టారు.

ఇంకో సంగతి. బాగ్దాద్ నుంచి వచ్చిన ధనికులైన యూదులు, కొంకణ్ నుంచి వచ్చిన మరాఠీ యూదుల్ని చాలాకాలం తమతో సమానంగా చూడలేదు. యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి. ఆ పదిమంది లెక్కలోకి కూడా బెనె ఇజ్రాయెల్‌ను తీసుకోని రోజులున్నాయి. బెనె ఇజ్రాయెల్‌లో మళ్లీ 'గోరా', 'కాలా' అని రెండు మెట్లు! ఏ దేశం నుంచి వచ్చిన మతమైనా మన నేల మీద నాలుగు రోజులుంటే మెట్లు కట్టుకుంటుంది కాబోలు. ఇజ్రాయెల్ పోయాక కూడా ఆ బాధ తీరలేదు. 1960ల మొదట్లో అక్కడి మత పెద్దలు వీళ్ల యూదుతనం మీదే అనుమానం పెట్టి, పెళ్లిళ్లకు అడ్డం పడ్డారు. వీళ్లు రోడ్డెక్కారు. చివరికి 1964లో అక్కడి పార్లమెంటు వీళ్లూ అందరితో సమానమేనని చెప్పాల్సి వచ్చింది. సవ్తా వెళ్లింది దాదాపు ఆ రోజుల్లోనే. "పిల్లా, అక్కడ మేం యూదులం, ఇక్కడికొస్తే ఇండియన్లం" అని చిన్నమ్మతో అంటుందట.

తెలుగువాళ్లలో యూదులు లేరా అని మీకు ఈపాటికి డౌట్ వచ్చి ఉంటుంది. ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిం' అనే కొన్ని కుటుంబాలు 1990ల మొదట్లో సినగాగ్ పెట్టుకున్నాయి. అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న మాదిగ కుటుంబాలు. తమ పూర్వీకులు ఇజ్రాయెల్‌లోని ఎఫ్రాయిం గోత్రం వాళ్లని చెప్తారు. తెలుగులో మాట్లాడుకుంటూ హీబ్రూ నేర్చుకుంటారు. వాళ్ల మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో ఒక పుస్తకమే రాశారు. కులం, మతం, గౌరవం మూడూ కలిసిన కథ అది. అక్కడికి ఇంకోసారి వెళ్లాలి. రెండు పేరాల్లో తేల్చేది కాదు.

టిప్పు సుల్తాన్ జైలు నుంచి

ఆదివారం పొద్దున మళ్లీ శామ్యూల్ స్ట్రీట్. ఆధార్ చూపించాను, బ్యాగ్ చూశారు, రిజిస్టర్‌లో పేరు రాశాను. ఊరు అన్న చోట 'ఎల్లారెడ్డి, కామారెడ్డి జిల్లా' అని రాస్తే, తాళాలు చూసుకునే పెద్దాయన "ఏ కహాఁ హై?" అన్నాడు. నిజాంసాగర్ పక్కన అన్నాను. ఆయనకు అదీ తెలియలేదు. నాందేడ్ అవతల అన్నాక తల ఊపాడు.

గుమ్మానికి కుడివైపు ఏటవాలుగా ఒక చిన్న పెట్టె బిగించి ఉంది. దాన్ని మెజూజా అంటారు. లోపల తోలు కాగితం మీద ఆ షెమా ప్రార్థన రాసి ఉంటుంది. వచ్చేవాళ్లు దాన్ని తాకి వేళ్లు ముద్దు పెట్టుకుంటారు. గడప కళ్లకద్దుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని కదా, నా చెయ్యి దానంతటదే లేచింది. పెద్దాయన ఏమీ అనలేదు.

దీని పేరు షార్ హరహమీమ్, దయాద్వారం అని అర్థం. ముంబైలో అన్నిటికంటే పాత సినగాగ్ ఇదే, 1796లో మొదలైంది. ఇప్పుడున్న చోటికి 1860లో మారింది. కట్టించింది శామ్యూల్ ఎజెకీల్ దివేకర్, ఇంగ్లిష్‌వాళ్ల సైన్యంలో పనిచేసిన బెనె ఇజ్రాయెల్. ఈ వీధి పేరు ఆయనదే.

ఆయన కథ సినిమాకి తక్కువేం కాదు. మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కాడు. ఖైదీల్ని చంపేస్తున్నారు. మీరెవరు, మీ కులమేంటి అని అడిగితే "బెనె ఇజ్రాయెల్" అన్నాడట. ఆ మాట టిప్పు తల్లి చెవిన పడింది. ఖురాన్‌లో ఆ పేరు ఎన్నిసార్లు విన్నానో, ఆ మనుషుల్ని ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను, వాళ్లను చంపొద్దు అని కొడుకును బతిమాలిందట. ప్రాణంతో బయటపడితే దేవుడికి గుడి కట్టిస్తానని దివేకర్ మొక్కుకున్నాడు, బొంబాయి వచ్చి మొక్కు తీర్చుకున్నాడు. ఇది వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా చెప్పుకునే కథ. అందులో ఎంత చరిత్రో, ఎంత ప్రేమో విడదీయాలని నాకనిపించలేదు. ఒక ముస్లిం తల్లి మాట మీద బతికిన యూదు సిపాయి కట్టిన గుడి ఇది. జనం దాన్ని తమకు తెలిసిన మాటతో 'మస్జిద్' అన్నారు. బెనె ఇజ్రాయెల్ కూడా తమ గుడిని మస్జిద్ అనే పిలుచుకున్నారు. స్టేషన్‌కు ఆ పేరు దాన్నించే వచ్చిందని ఎక్కువమంది చెప్పే లెక్క. పదిహేడేళ్లు ఆ స్టేషన్ దగ్గర బరువులు మోసిన మా తాతకు ఇది ఎవరూ చెప్పలేదు.

లోపల విగ్రహం లేదు, పటం లేదు. పడమటి గోడవైపు తెర వేసిన అల్మారా, అందులో తోరా చుట్టలు. జెరూసలేం అటువైపే కాబట్టి అటే తిరిగి ప్రార్థిస్తారు. చేత్తో, తోలు మీద, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసిన చుట్టలవి. మధ్యలో ఎత్తైన చెక్క వేదిక, చుట్టూ బెంచీలు, పైనుంచి వేలాడే దీపాలు. బయట బండ్ల హారన్లు, లోపల ఫ్యాన్ చప్పుడు. సినిమా సెట్‌లాగా ఊహించుకొని వస్తే నిరాశ పడతారు. బాగా వాడిన ఇంట్లో ఉండే ఒక నిదానం ఉంటుంది చూడండి, అది ఉంది.

"ఏలియాహు కుర్చీ ఉందా?" అని అడిగాను. పెద్దాయన ముఖం మొదటిసారి మారింది. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఏలియా ప్రవక్త వీళ్లకు మన ఊరి దేవుడంత దగ్గర. ఆయన రథం గుర్తు అలీబాగ్ దగ్గర ఒక బండ మీద ఉందని నమ్ముతారు. పుట్టిన పిల్లాడి సున్తీకి ఆయన వచ్చి కూర్చుంటాడని ఒక కుర్చీ వేసి ఉంచుతారు. చిన్నమ్మ సంగతి, సవ్తా సంగతి మొత్తం చెప్పాను. ఆయన విని, కుర్చీ చూపించి, జేబులోంచి ఇంకో తాళం తీసి, పైకి వెళ్లే మెట్లు చూపించాడు. "ఫొటోలు నెట్‌లో పెట్టొద్దు. ఆమెకు మాత్రమే చూపించు" అన్నాడు. అందుకే ఈ వ్యాసంలో లోపలి ఫొటో లేదు. ఏమనుకోకండి.

పైన ఆడవాళ్ల గ్యాలరీ. దుమ్ము పట్టిన బెంచీలు, రెయిలింగ్. కిటికీ పక్కన కూర్చొని కిందికి చూశాను. వేదిక మొత్తం కనిపిస్తుంది. కిటికీలోంచి చూస్తే గల్లీ కనిపిస్తుంది, ఆదివారమైనా ఒకాయన ఏదో పెట్టె తలకెత్తుకొని పోతున్నాడు. సవ్తా చిన్నప్పుడు ఇక్కడ కూర్చొని బయటికి చూసి ఉంటే, లెక్క ప్రకారం మా తాత ఇంకా బొంబాయి రాలేదు. ఆయన వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. కలిసే వీలే లేదు. నేనెందుకో వేళ్ల మీద ఏళ్లు లెక్కపెడుతూ కాసేపు అక్కడే కూర్చున్నాను.

కిందికి దిగాక పెద్దాయన చాయ్ తెప్పించాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో పాతిక వేలకు అటూ ఇటూగా యూదులుండేవాళ్లు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎవరూ తరమకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు దేశం మొత్తం మీద నాలుగైదు వేలు. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో మైనారిటీ హోదా ఇచ్చింది. "హోదా వచ్చింది, పదో మనిషే రావట్లేదు" అని నవ్వాడాయన. ప్రార్థనకు పదిమంది పోగవ్వడం గురించి.

మలీద

వీళ్లకొక ప్రత్యేకమైన మొక్కు ఉంది. ప్రపంచంలో ఇంకే యూదులూ చేయనిది. పెళ్లి కుదిరినా, కొత్త ఇంట్లోకి వెళ్లినా, కోరిక తీరినా ఏలియా ప్రవక్త పేరు మీద ఒక పళ్లెం పెడతారు. తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, జీడిపప్పు, పైన పండ్లు. ప్రార్థన అయ్యాక అందరికీ పంచుతారు. దాని పేరు చెప్పగానే నేను "ఏంటీ?" అని రెండుసార్లు అడిగాను.

మలీదా!

తెలంగాణలో ఈ మాట తెలియని ఇల్లుంటుందా? సద్దుల బతుకమ్మ రోజు రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి కట్టే మలీద ముద్దలు. పీర్ల పండగకు కూడా పెడతారు. మాట పారసీది, 'నలిపినది' అని అర్థం. మనం రొట్టె నలిపాం, వాళ్లు అటుకులు తడిపారు. పేరు మాత్రం గౌరమ్మ ముందు, పీర్ల ముందు, ఏలియా ముందు ఒక్కటే. ఫోన్‌లో అమ్మకు చెప్తే నమ్మలేదు. "వాళ్లకు మన మలీద ఎట్ల దెలుసే?" అంది.

ఆ రాత్రి రైల్లో, నాందేడ్ రాకముందు సిగ్నల్ దొరికినప్పుడు వీడియోలన్నీ పంపాను. ఇప్పుడు చిన్నమ్మ గొంతు తగ్గించి చెప్పిన మాట. అక్కడ కేర్‌గివర్ వీసా మామూలుగా 63 నెలలు. ఆ తర్వాత కూడా ఉండనిస్తారు గానీ, అప్పటికే చూసుకుంటున్న ఆ ఒక్క మనిషికి అవసరం ఉన్నంతకాలమే. చిన్నమ్మకు 63 నెలలు ఎప్పుడో దాటిపోయాయి. అంటే సవ్తా ఉన్నన్నాళ్లే చిన్నమ్మ అక్కడ. అటు వెళ్లడానికి ఏజెంటుకు కట్టిన లక్షల్లో ఇంకా అప్పు మిగిలి ఉంది, చెల్లె బీటెక్ ఇంకో ఏడాది ఉంది. "బిడ్డా, ఆమె మంచిగుండాలని దినాం మొక్కుతున్న. ఆమె కోసం మొక్కుతున్ననో, మన కోసం మొక్కుతున్ననో నాకే తెలుస్తలేదు" అంది ఆ మెసేజ్‌లో.

మర్నాడు కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సులో కూర్చున్నాక కాల్ వచ్చింది. చిన్నమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చింది సినగాగ్ చూసి కాదట. మొదటి వీడియోలో మూటతో నన్ను దాటుకుంటూ పోయిన హమాలీని చూసి. "నాయన గట్లనే నడుస్తుండె" అంది. ఆ వీడియోనే పదిసార్లు చూసిందట.

సవ్తా గ్యాలరీ వీడియో చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత రెయిలింగ్ రంగు ఇది కాదు, మార్చేశారు అని కోప్పడిందట. ఏ రంగుండేదో మాత్రం గుర్తు రాలేదు. దీపం వెలుగుతోందా అని రెండుసార్లు అడిగిందట.

చిన్నమ్మ ఫోన్ ఆమె ముందు పెట్టింది. బస్సు కుదుపుకి నా ముఖం ఎటో పోతోంది. నేను గట్టిగా "సవ్తా, షలోమ్!" అన్నాను. ఆమె ఫోన్‌కు బాగా దగ్గరగా వచ్చి, నన్ను తేరిపార చూసి, మరాఠీలో ఏదో అడిగింది. బస్సు చప్పుడులో సగమే వినపడింది.

"ఏమంటున్నది చిన్నమ్మా?"

"తిన్నవా అని అడుగుతున్నది."

లేదన్నాను. సవ్తా చిన్నమ్మ వైపు తిరిగి మళ్లీ ఏదో చెప్పింది. చిన్నమ్మ నవ్వింది. "అటుకులున్నయా అంటున్నది. వచ్చే శుక్రవారం పొద్దుగూకక ముందే మలీద చెయ్యాల్నట. కొబ్బరికాయ ఏడ దొరకాలె ఈడ?" అంటూ కిచెన్‌లోకి నడిచింది, ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి చాలాసేపు నాకు వాళ్ల కిచెన్ సీలింగే కనిపించింది.